అంబలి ముంత పోయి టీ గ్లాసు వచ్చింది

తెల్లవారుజామున నాలుగున్నరకే బస్సు స్టేజీ దగ్గర టీ బడ్డీలో పొయ్యి వెలుగుతుంది. మొదటి బస్సుకు పోయేవారు, పాలకేంద్రానికి క్యాన్లు మోసేవారు, కూరగాయల గంపలతో సంతకు బయలుదేరిన ఆడవాళ్లు, ఊడ్పులకో కోతలకో పోయే కూలీల జట్లు, అందరూ ముందు అక్కడ ఆగవలసిందే. వేడి గ్లాసును కొంగుతోనో తువ్వాలుతోనో పట్టుకొని నాలుగు గుక్కలు తాగితేగాని చాలామందికి కాళ్లు కదలవు.

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో రెండు మూడు తరాల కిందట ఇదే వేళకు కడుపులో పడేది చోడి అంబలి. లేదా తరవాణి, చద్దన్నం, పక్కన ఒక ఉల్లిపాయ. పొలానికి పోయేవారి వెంట అంబలి ముంత ఉండేది. ఇప్పుడు ఆ ముంత పోయి గ్లాసు వచ్చింది. పొద్దున ఒకటి, పది గంటలకు ఒకటి, మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే ఒకటి, సాయంత్రం ఇంకొకటి. ఇంటికి చుట్టాలు వస్తే లెక్కే లేదు. టీ ఇవ్వకపోతే మర్యాద చేయనట్టే.

ఇంతగా మన ఇళ్లలో చేరిపోయిన ఈ ఆకు ఎక్కడిది, మన దాకా ఎలా వచ్చింది అన్నది ఒక పెద్ద కథ. దీనివల్ల ఒంటికి మేలా కీడా అనేదానికి వైద్యులు చెప్పే సమాధానం మాత్రం సూటిగా ఉంది. టీ విషమూ కాదు, మందూ కాదు. ఏ వేళ తాగుతున్నాం, దేనికి బదులుగా తాగుతున్నాం అన్నదే ముఖ్యం.

పుట్టినిల్లు చైనా

తేయాకు చెట్టు పుట్టిన ప్రాంతం చైనాకు నైరుతి మూలనున్న యునాన్ కొండలు, వాటికి ఆనుకొని ఉన్న బర్మా, అస్సాం అడవులు. దీన్ని మొదట వాడుకలోకి తెచ్చినవారు చైనీయులు. క్రీస్తు పూర్వం 2737లో షెన్ నుంగ్ అనే చక్రవర్తి చెట్టు కింద నీళ్లు కాచుకుంటుండగా గాలికి నాలుగు ఆకులు ఎగిరి కుండలో పడ్డాయని, ఆ నీళ్లు తాగితే ఒంటికి హాయిగా అనిపించిందని అక్కడివారు కథ చెప్పుకుంటారు. ఇది కథే గాని చరిత్ర కాదు. అయితే రెండు వేల ఏళ్లకు పైగా చైనాలో తేయాకు వాడుక ఉన్నదనడానికి ఆధారాలున్నాయి. మొదట్లో దాన్ని మందుగా, కషాయంగా వాడేవారు. కొన్నిచోట్ల ఉప్పు, అల్లం, ఉల్లికాడలు వేసి చారులా కాచుకునేవారట. మన మిరియాల చారు వంటిదనుకోవచ్చు.

ఎనిమిదో శతాబ్దంలో లూ యూ అనే పండితుడు తేయాకు మీదే ఒక గ్రంథం రాశాడు. దాని పేరు చా జింగ్. ఏ నీరు మంచిది, ఎంతసేపు మరగాలి, ఏ గిన్నె వాడాలి అన్నదాకా అందులో ఉంది. తర్వాత బౌద్ధ భిక్షువుల ద్వారా టీ జపానుకు చేరింది. రాత్రి ధ్యానంలో కునుకు పట్టకుండా ఉండేందుకు వారు దీన్ని తాగేవారు. పరీక్షల ముందు పిల్లలు ఫ్లాస్కులో టీ పెట్టుకుని చదవడం కొత్త సంగతేమీ కాదన్నమాట.

పేరులోనూ ఒక విశేషం ఉంది. ప్రపంచంలోని చాలా భాషల్లో దీనికి రెండే పేర్లు. ఒకటి ‘తే’, రెండోది ‘చా’. చైనాలో అమోయ్ రేవు ప్రాంతంవారు ‘తే’ అంటారు. ఆ తీరంవారితో వ్యాపారం చేసి సరుకును ఓడల్లో యూరపుకు చేరవేసిన డచ్చివారి ద్వారా ఇంగ్లీషువారికి ‘టీ’ అయింది. చైనాలో మిగతా చాలా ప్రాంతాలవారు ‘చా’ అంటారు. భూమార్గాన ఒంటెల మీద పర్షియా చేరిన సరుకు అక్కడ ‘చాయ్’ అయింది. తెలుగువారికి రెండూ వచ్చాయి. కోస్తాలో టీ అంటే తెలంగాణలో చాయ్ అంటారు. పుస్తకాల్లో రాసే ‘తేయాకు’లో ఆ పాత ‘తే’ అలాగే నిలిచి ఉంది.

నల్లమందు ఇచ్చి తేయాకు తెచ్చారు

పదిహేడో శతాబ్దంలో టీ ఇంగ్లండు చేరింది. మొదట ధనికుల విలాసం. వందేళ్లు గడిచేసరికి అక్కడి కూలివాడికీ తప్పనిసరి అయింది. సరుకంతా చైనానుంచే రావాలి. చైనావారు ఇంగ్లీషు సరుకులు పెద్దగా కొనేవారు కాదు, వెండి ఇస్తేనే ఆకు ఇచ్చేవారు. వెండి తరలిపోతుంటే ఈస్టిండియా కంపెనీవారు వేరే దారి వెతికారు. బీహారు, కాశీ ప్రాంతాల రైతులచేత గసగసాల పంట వేయించి, నల్లమందు తయారు చేయించి, వ్యాపారుల ద్వారా దొంగచాటుగా చైనాకు చేర్చారు. ఆ డబ్బుతో తేయాకు కొన్నారు. నల్లమందును అడ్డుకోబోయిన చైనామీద 1839లో యుద్ధానికి దిగారు. మూడేళ్ల తర్వాత గెలిచి హాంకాంగును రాయించుకున్నారు. నేడు మనం మర్యాదకు ఇచ్చుకునే గ్లాసు వెనుక ఇటువంటి చరిత్ర కూడా ఉంది.

ఈలోగానే మన దేశంలో ఈ చెట్టు ఉన్న సంగతి బయటపడింది. అస్సాం కొండల్లోని సింగ్‌ఫో జాతివారు ఎప్పటినుంచో అడవి తేయాకును వాడుకునేవారు. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే వ్యాపారికి ఈ సంగతి తెలిసింది. మణిరాం దేవాన్ అనే అస్సామీ ప్రముఖుడు అతనికి ఆ జాతి పెద్దను పరిచయం చేశాడని చెబుతారు. 1834లో గవర్నరు జనరల్ బెంటింక్ ఒక సంఘాన్ని వేశాడు. ఐదేళ్లకల్లా, అంటే 1839 జనవరిలో, మొదటి అస్సాం తేయాకు 8 పెట్టెలు లండనులో వేలానికి వచ్చాయి. అది చాలదన్నట్టు 1848లో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి కంపెనీవారు చైనాకు పంపారు. అతడు చైనా దుస్తులు తొడిగి, పిలక పెట్టుకుని, లోపలి ప్రాంతాలు తిరిగి దాదాపు 20 వేల మొక్కలను, పనివాళ్లను మన దేశానికి చేర్చాడు. డార్జిలింగు కొండల్లో చైనా రకమే బాగా నిలదొక్కుకుంది.

ఇక మణిరాం దేవాన్ సంగతి. అతడు తర్వాత సొంతంగా తోటలు వేశాడు. తేయాకు తోట పెట్టిన తొలి భారతీయుడు అతడే. 1857 తిరుగుబాటులో కుట్ర చేశాడని ఆరోపించి 1858 ఫిబ్రవరిలో జోర్హాట్‌లో అతణ్ణి ఉరి తీశారు.

ఇక్కడినుంచి వెళ్లిన కూలీలు

అడవి కొట్టి తోటలు వేయడానికి మనుషులు కావాలి. అస్సామీ రైతులు ఆ కూలికి రాలేదు. ఛోటా నాగపూరు, ఒరిస్సా, మధ్య పరగణాలతో పాటు అప్పటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాలనుంచి కూడా మనుషులను పోగుచేశారు. శ్రీకాకుళం పేరుతో జిల్లా ఏర్పడింది 1950లో. అంతకు ముందు ఈ ఊళ్లన్నీ ఆ రెండు జిల్లాల్లోనివే. కరవు వచ్చిన ఏడు, పంట పోయిన ఏడు, అప్పు తీరని ఇంటినుంచి మనిషి కదిలిపోయేవాడు. చెట్టు ఊపితే డబ్బు రాలుతుందని దళారులు నమ్మబలికేవారు. కలకత్తా మీదుగా, బ్రహ్మపుత్రలో స్టీమర్ల మీద పడిన ఆ ప్రయాణంలో కలరా వచ్చి దారిలోనే పోయినవారెందరో.

తోటకు చేరాక తిరిగి రావడం తేలిక కాదు. ఒప్పందం కుదుర్చుకున్న కూలీ పారిపోతే వారంటు లేకుండా పట్టి బంధించే అధికారాన్ని 1865 చట్టం తోట యజమానికే ఇచ్చింది. ఆ అధికారం 1908 దాకా సాగింది. రంగం వెళ్లి వచ్చినవారి కథలు ఈ జిల్లాలో నేటికీ చెప్పుకుంటారు. అస్సాం వెళ్లినవారి కథ మాత్రం అంతగా వినబడదు, ఎందుకంటే తిరిగి వచ్చినవారు తక్కువ. ఆ తోటల్లో మన వైపునుంచి వెళ్లినవారి సంతతిని ‘తెలంగా’ అని పిలుస్తారు. తోట కార్మిక కులాల జాబితాలో ఆ పేరు నేటికీ ఉంది.

తోటలో ఆకు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. చెట్టును వదిలేస్తే ఇంటి ఎత్తు దాటి పెరుగుతుంది. నడుము ఎత్తుకు కత్తిరించి పొదలా ఉంచుతారు. చివర ఉన్న మొగ్గ, దాని కింది రెండు లేతాకులు మాత్రమే గిల్లాలి. వారం పది రోజులకు మళ్లీ చిగురు వస్తుంది. వీపున బుట్ట కట్టుకుని, ఎండా వానా లేకుండా, జలగల మధ్య నిలబడి చేసే పని. నాలుగు కిలోలకు పైగా పచ్చాకు కోస్తేగాని ఒక కిలో టీపొడి కాదు.

ఉచితంగా తాగించి నేర్పారు

ఇంత పండినా చాలాకాలం మనవాళ్లు టీ తాగలేదు. సరుకంతా ఎగుమతే. విదేశాల్లో ధర తగ్గడంతో, ఇక్కడే కొనేవారుంటే బాగుండునని తోటల యజమానులకు తోచింది. 1903లో తేయాకు ఎగుమతి మీద సెస్సు వేసే చట్టం వచ్చింది. ఆ సొమ్ముతో ప్రచారం మొదలైంది. రైల్వే స్టేషన్లలో టీ స్టాళ్లు పెట్టించారు. టీ ఎలా కాయాలో దేశ భాషల్లో రాసి బోర్డులు కట్టారు. మిల్లుల్లో, గనుల్లో కార్మికులకు పని మధ్య టీ ఇవ్వడం అలవాటు చేశారు. 1930లలో ఊరూరా, ఇంటింటికీ మనుషులను పంపి కాచి చూపించి, ఉచితంగా తాగించారు. ఇప్పుడు కంపెనీలు సబ్బు పొట్లాలు ఊరికే పంచినట్టే.

గాంధీ మహాత్ముడు టీని సమర్థించలేదు. ఆరోగ్యం మీద రాసిన పుస్తకంలో, మరగబెట్టిన టీలోని టానిన్ కడుపుకు మంచిది కాదని చెప్పారు. ఆయన మాట ఎంతమంది విన్నారో పక్కన పెడితే, ప్రచారం చేసినవారి మాట కూడా మనవాళ్లు పూర్తిగా వినలేదు. మరిగిన నీళ్లలో ఆకు వేసి మూతపెట్టి వడగట్టమని వారు చెబితే, మన బడ్డీలవారు తక్కువ పొడితో ఎక్కువ రంగు, రుచి వచ్చేలా పాలు, పంచదార వేసి కుతకుత ఉడికించారు. ఆ విధంగా మన టీ మనదే అయింది.

నేడు తేయాకు పంటలో చైనా తర్వాత స్థానం మన దేశానిదే. ఏటా సుమారు 130 కోట్ల కిలోలు పండుతుంది. అందులో సగానికి పైగా అస్సాం సరుకు. పండినదానిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు మన దేశంలోనే తాగేస్తున్నాం. తాగించడం నేర్పినవాళ్లే ఆశ్చర్యపోయే లెక్క ఇది.

చెట్టు ఒక్కటే, రకాలు వేరు

తెల్ల టీ, గ్రీన్ టీ, ఊలాంగ్, మామూలు నల్ల టీ అని పేర్లు వింటే ఒక్కొక్కటి ఒక్కో మొక్క అనుకుంటారు. కాదు. అన్నీ ఒకే జాతి చెట్టు ఆకులే. చైనా రకం ఆకు చిన్నది, అస్సాం రకం ఆకు పెద్దది, అంతే తేడా. మిగతాదంతా కోసిన తర్వాత చేసే పనిలో ఉంది. కోసిన ఆకును కొంతసేపు వాడనిచ్చి, నలిపి, గాలికి ఉంచితే కోసిన ఆపిల్ ముక్కలా ఎర్రబారుతుంది. దీన్నే పులియబెట్టడం అంటారు గాని, ఇది ఇడ్లీ పిండిలా పులియడం కాదు. గాలి తగిలి రంగు మారడమే. పూర్తిగా మారనిచ్చి ఆరబెడితే నల్ల టీ. సగంలో ఆపితే ఊలాంగ్. కోయగానే ఆవిరిమీదో పెనంమీదో వేడిచేసి ఆ మార్పును ఆపేస్తే గ్రీన్ టీ. మొగ్గలనే ఏరి ఊరికే ఆరబెడితే తెల్ల టీ.

నల్ల టీలోనూ రెండు దారులున్నాయి. ఆకును మెలితిప్పి ఆరబెట్టేది పాత పద్ధతి. డార్జిలింగు టీ ఎక్కువగా ఇలాంటిదే. పల్చని రంగు, మంచి వాసన, పాలు కలిపితే చెడుతుంది. 2004లో భౌగోళిక గుర్తింపు పొందిన తొలి భారతీయ సరుకు అదే. రెండోది సీటీసీ పద్ధతి. పళ్లున్న ఇనుప రోలర్ల మధ్య ఆకును నలిపి, చింపి, చిన్న గుళికలుగా చుట్టే యంత్రమిది. 1930లలో అస్సాంలో పుట్టింది. మన బడ్డీల్లో మరిగేది ఈ రకమే. చిక్కటి రంగు త్వరగా దిగుతుంది, పాలకు తట్టుకుంటుంది, ఖర్చు కలిసి వస్తుంది. దక్షిణాది తోటల్లో నీలగిరి సరుకు సువాసనకు పేరు పొందింది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. ప్యాకెట్టు మీద ‘డస్ట్’ అని ఉంటే ఫ్యాక్టరీలో ఊడ్చిన దుమ్ము అనుకునేవారున్నారు. అది నిజం కాదు. ఆరిన ఆకును జల్లెడ పడితే పెద్ద ఆకు, తునకలు, సన్ననిది, మరీ సన్ననిది అని వేరవుతుంది. మరీ సన్ననిదే డస్ట్. బియ్యంలో నూకలాంటిది. దానిలోనూ మంచి రకం, నాసి రకం ఉంటాయి. కప్పుకు 2 గ్రాములు వేసినా కిలోకు 500 కప్పులు వస్తాయి కాబట్టి హోటళ్లవారు దాన్నే ఇష్టపడతారు.

హైదరాబాదు ఇరానీ చాయ్‌ది వేరే తీరు. డికాషన్ మూతపెట్టి సన్న సెగ మీద చాలాసేపు ఉంచుతారు. పాలు వేరే గిన్నెలో చిక్కగా కాచి, కప్పులో రెండూ కలుపుతారు. ఇరాన్‌నుంచి వలస వచ్చినవారి హోటళ్ల ద్వారా ఆ పేరు వచ్చింది. తులసి టీ, అల్లం టీ, నిమ్మగడ్డి టీ అని ఇప్పుడు అమ్మేవాటిలో తేయాకు లేకపోతే అవి మన పాత కషాయాలే. టీ అని పేరు పెట్టగానే ధర పెరిగింది.

మన ఏజెన్సీ కొండల్లో పండేది కాఫీ. అరకు కాఫీ పేరు దేశాలు దాటింది. అయినా ఆ కొండల కింది ఊళ్లలో మరిగేది అస్సాం టీయే.

మేలెంత?

టీలో కెఫీన్ ఉంటుంది. కప్పుకు 30 నుంచి 65 మిల్లీగ్రాముల దాకా. కాఫీలో దీనికంటే ఎక్కువ. మగతను తోలి చురుకుదనం తెచ్చేది ఇదే. తేయాకులో ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలు గుండెకు, రక్తనాళాలకు మేలు చేయవచ్చని శాస్త్రజ్ఞుల అంచనా. బ్రిటనులో దాదాపు 5 లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించి 2022లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు రెండు అంతకు మించి కప్పులు తాగేవారిలో మరణాలు కొంత తక్కువగా కనిపించాయి. అయితే ఇది గమనించిన సంగతే గాని, టీయే కారణమని తేల్చినది కాదు. వారి భోజనం వేరు, వారి జీవితం వేరు.

గ్రీన్ టీ తాగితే ఒళ్లు కరిగిపోతుందన్న ప్రచారాన్ని నమ్మి డబ్బు తగలేయనక్కరలేదు. దానివల్ల తగ్గే బరువు చాలా స్వల్పం. గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రలు వేసుకుని కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కూడా వైద్యుల దృష్టికి వచ్చాయి.

అన్నం వెంట తాగితే రక్తానికి చేటు

మన పల్లెలకు ముఖ్యమైన సంగతి ఇది. టీలోని టానిన్లు, తదితర పదార్థాలు అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. భోజనంతో పాటు ఒక కప్పు టీ తాగితే ఒంటికి పట్టే ఇనుము సగానికి మించి తగ్గినట్లు పరీక్షల్లో తేలింది. మాంసం, చేపల్లోని ఇనుము మీద ఈ ప్రభావం తక్కువ. కాని రోజూ మాంసం తినే ఇళ్లు ఎన్ని? మనకు ఇనుము అందేది ఎక్కువగా ధాన్యం, పప్పు, ఆకుకూరలనుంచే.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మంది. తెలంగాణలో పిల్లల లెక్క ఇంకా ఎక్కువ. దీనికంతటికీ టీయే కారణమనడం సరికాదు. చాలని తిండి, నులిపురుగులు, వెంటవెంట కాన్పులు, నెలసరిలో అధిక రక్తస్రావం, ఇవన్నీ కారణాలే. అయితే ఉన్న కాస్త ఇనుమును కూడా టీ అడ్డుకుంటున్నది.

ఇది చక్రంలా తిరుగుతుంది. రక్తం తక్కువైన మనిషికి నీరసం, ఆయాసం, కళ్లు తిరగడం. నీరసం పోవడానికి టీ తాగుతుంది. టీ ఆకలిని చంపుతుంది. ఆకలి లేదని రెండు ముద్దలు తిని లేస్తుంది. వెంటనే మళ్లీ టీ. పొలంలో పది గంటలకు రైతు ఇచ్చే టీ, రెండు బిస్కెట్లతో మధ్యాహ్నం దాకా నడుం వంచి ఊడ్చే ఆడకూలీలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పూర్వం ఆ వేళకు అంబలి తాగేవారు. నూరు గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, కడుపూ నిండుతుంది. టీలో మిగిలేది పంచదార బలమే.

విచిత్రమేమిటంటే, ఈ ఆకు కోసే అస్సాం తోటల ఆడవాళ్లలోనూ రక్తహీనత తీవ్రంగా ఉంది. అక్కడి కార్మికులకు ఉప్పు వేసిన టీ తాగే అలవాటు. దానివల్ల రక్తపోటు కూడా ఎక్కువని వైద్యులు చెబుతున్నారు.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనల్లో, భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు తాగవద్దని స్పష్టంగా చెప్పింది. కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు మించకూడదని కూడా పేర్కొంది. ఖర్చు లేని సలహా ఇది. టీ మానమని ఎవరూ అనడం లేదు. భోజనానికి ఎడంగా తాగమంటున్నారు. అన్నంలో ఒక నిమ్మచెక్క పిండుకుంటే, తర్వాత ఒక జామకాయ తింటే ఇనుము ఇంకా బాగా పడుతుంది.

గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఇచ్చే ఎర్ర మాత్రలు, బడిలో ఆడపిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలు ఇనుము మాత్రలే. వాటిని టీతో మింగేవారున్నారు. అలా మింగితే ఆ మాత్ర చాలావరకు వృథా. మంచినీళ్లతోనే వేసుకోవాలి, గంట దాకా టీ తాగకూడదు. కోడలు టీతో మాత్ర వేసుకుంటుంటే అత్తగారు చెప్పవలసిన మాట ఇది. అత్తగారు టీ గ్లాసు చేతికిస్తే కోడలూ చెప్పవచ్చు. చంటిపిల్లలు ఏడుస్తున్నారని టీలో బిస్కెట్టు ముంచి పెట్టడం, పాలు చాలక టీ నీళ్లు పట్టడం అసలు చేయరానివి.

పంచదార లెక్క కూడా చూడాలి. గ్లాసుకు రెండు చెంచాలు వేస్తే సుమారు 8 నుంచి 10 గ్రాములు. రోజుకు నాలుగు గ్లాసులంటే 32 నుంచి 40 గ్రాములు. విడిగా వేసుకునే చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చక్కెర వ్యాధి ఉన్నవారు మందులు వాడుతూ బడ్డీ టీ తాగడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. పొగలు కక్కే టీని గటగటా తాగడమూ మంచిది కాదు. 65 డిగ్రీలకు మించిన వేడితో తాగే ఏ పానీయమైనా అన్నవాహిక క్యాన్సరుకు కారణం కావచ్చని 2016లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ హెచ్చరించింది. తప్పు టీది కాదు, వేడిది.

పొడి కొనేటప్పుడు

విడిగా, చౌకగా అమ్మే టీపొడిలో కల్తీ జరుగుతుంటుంది. వాడేసిన పొడిని ఎండబెట్టి రంగు వేయడం, శనగ పొట్టు, చింతపిక్కల పొట్టు, జీడిపప్పు మీద ఒలిచిన ఎర్ర పొట్టు కలపడం వంటివి చేస్తారు. జీడి పొట్టులోనూ టానిన్ ఉంటుంది కాబట్టి రంగు దిగుతుంది, తాగేవాడికి తెలియదు.

ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు. గాజు గ్లాసులో చన్నీళ్లు పోసి చిటికెడు పొడి చల్లాలి. మంచి పొడి నెమ్మదిగా రంగు దిగుతుంది. వేసిన వెంటనే ఎర్రటి చారలు కిందికి జారితే రంగు కలిసినట్టే. తడిపిన తెల్ల కాగితం మీద చల్లినా రంగు మచ్చలు కనిపిస్తాయి. అయస్కాంతం తిప్పితే ఇనుప రజను అంటుకుంటుంది. రోలర్ల అరుగుదలవల్ల రవ్వంత ఉండవచ్చు, ఎక్కువగా ఉంటే అనుమానించాలి. 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉన్న ప్యాకెట్టు కొనడం మేలు. కల్తీ అని తోస్తే ఆహార భద్రతా అధికారికి నమూనా చూపి ఫిర్యాదు చేయవచ్చు.

కాచే విషయంలో, పొద్దున కాచిన డికాషన్‌ను పదే పదే మరగించకపోవడం మంచిది. మొదటి నాలుగైదు నిమిషాల్లోనే రుచి, కెఫీన్ దిగుతాయి. తర్వాత దిగేది ఎక్కువగా వగరే. ఆ వగరు చంపడానికే ఇంకో చెంచా పంచదార పడుతుంది. పొడి డబ్బాను పొయ్యి పక్కన, మసాలాల పక్కన పెడితే వాసన పీల్చుకుంటుంది.

ఇప్పుడు పొలానికి, ఇళ్ల పనుల దగ్గరకు టీని పల్చటి ప్లాస్టిక్ కవర్లలో కట్టించుకు పోతున్నారు. అంత వేడి పదార్థం ఆ కవర్లలో పోయరాదు. కాగితం కప్పులకూ లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి టీ పావుగంట ఉంటే అందులోంచి సన్నని రేణువులు వేల సంఖ్యలో టీలో కలుస్తున్నట్లు ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో కనుగొన్నారు. ఇంటినుంచి ఒక స్టీలు క్యాను, నాలుగు గ్లాసులు తీసుకుపోతే బడ్డీవాడు అందులోనే పోసి ఇస్తాడు.